వంగి ఏరేవాళ్ళను ఏమనాలి

నాకు ముప్పై అయిదేళ్ళు. రిటైరయ్యాను. ఈ మాట అంటే మా అత్తగారు ఫోన్‌లోనే దిష్టి తీశారు. కానీ ఉద్యోగం అయిపోయి, దాని గురించి ఎవరికీ భయపడకుండా మాట్లాడగలిగే దశను రిటైర్మెంట్ అనే కదా అంటారు. పెన్షన్ ఒక్కటే తక్కువ.

ఇక్కడ కెనడాలోనే, బ్రాంప్టన్ నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. మ్యూజియం చదువులో సీటొచ్చిందట, ఇంట్లోవాళ్ళు ఎవరో పోయినట్టు కూర్చున్నారట. “అక్కా, అసలు ఆ జాబ్‌లో ఏం చేస్తారు?” అని అడిగింది. రెండు ముక్కల్లో చెబుదామని మొదలుపెడితే ఇంత అయింది. పాప పడుకున్నాకే నాకు రాసుకునే వీలు. మధ్యలో లేచి దానికి ఊపిరి ఆడుతోందో లేదో చూసి వస్తుంటాను. రెండేళ్ళు దాటిన పిల్లకి ఆ అవసరం లేదని పిల్లల డాక్టర్ చెప్పింది. ఆవిడకేం, హాయిగా పడుకుంటుంది. వాక్యం ఎక్కడైనా తెగినట్టు అనిపిస్తే అక్కడ లేచానని అనుకోండి.

పేర్లన్నీ మార్చాను. ఇందులో ఒక డాక్టర్ గారు వస్తారు. రాయడానికి ఆయన ఒప్పుకున్నారు, కానీ ఎవరూ గుర్తుపట్టకుండా రాయమన్నారు. అందుకని ఆయన నిజంగా డాక్టరో కాదో నేను చెప్పను.

పెట్టెలో పడుకునే బొమ్మలు

నేను పనిచేసింది హామిల్టన్‌లో ఒక చిన్న ఆర్ట్ గ్యాలరీలో. కాగితం మీది బొమ్మలు భద్రపరిచే గది నాది. అది బేస్‌మెంట్‌లో ఉంటుంది, కిటికీ ఉండదు. అక్కడున్నవాటిలో ఎక్కువ భాగం యూరప్ నీటిరంగుల బొమ్మలు. వాటిలో ఎక్కువ భాగం పొలాల్లో పనిచేసే మనుషులవి. గడ్డి కోసేవాళ్ళు, పనలు కట్టేవాళ్ళు, బంగాళాదుంపలు తవ్వేవాళ్ళు, తవ్వీ తవ్వీ నడుం పట్టుకుని ఆకాశంలోకి చూసేవాళ్ళు.

మ్యూజియంలో పని అంటే మనవాళ్ళకి వెంటనే వచ్చే అనుమానం, గేటు దగ్గర టికెట్లు చింపుతామని. మా మామయ్యగారైతే చాలాకాలం నన్ను సెక్యూరిటీ అనుకున్నారు. అసలు పని ఏమిటంటే, నీటిరంగులకి వెలుతురు పడదు. కొన్ని నెలలు గోడ మీద ఉంటే, తర్వాత కొన్నేళ్ళు చీకట్లో పడుకోవాలి. లేకపోతే నీలాలు, గులాబీలు వెలిసిపోతాయి. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో చూసుకోవడం నా పని. ఇప్పుడు ఇంట్లో చేస్తున్నదీ అదే, కాకపోతే ఆ బొమ్మలు చెప్పిన మాట వినేవి.

సినిమాల్లో చూపించినట్టు తెల్ల గ్లౌజులు వేసుకోకండి. కాగితం అంచు చేతికి తెలియాలి. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. గోంగూర తిన్నరోజు రెండుసార్లు కడగండి. పెన్ను గదిలోకి తేవద్దు, పెన్సిలే. కాఫీ తేవద్దు. మనసులో ఏడుపు ఉంటే అదీ బయటే కానిచ్చి రండి, చుక్క పడితే మచ్చ పడుతుంది. నేను నవ్వులాటకి చెప్పడం లేదు.

తెల్ల ఏప్రన్లు

ఈ బొమ్మలు వేసినవాళ్ళు ఎవరో ముందు తెలుసుకోండి. పట్నంలో ఉంటూ, ఎండాకాలంలో రంగుల పెట్టె చంకనపెట్టుకుని పల్లెకి వెళ్ళినవాళ్ళు. చెట్టు కింద మడతకుర్చీ వేసుకుని, ఎదురుగా ఎండలో వంగినవాళ్ళని వేశారు. వాళ్ళ నేర్పు గురించి నాకు పేచీ లేదు. తడి కాగితం మీద మబ్బును అలా వదలడం మహా విద్య. కానీ మబ్బు మీద పెట్టిన శ్రద్ధ మనిషి ముక్కు మీద పెట్టలేదు. చాలామందికి ముఖం వేయడం రాదు. తలకి గుడ్డ చుట్టేసి, తల వంచేసి గట్టెక్కారు. దాన్ని పుస్తకాల్లో “శ్రమలోని వినయం” అని రాస్తారు.

పొద్దుట్నుంచి గడ్డి తిరగేసిన ఆడమనిషి ఏప్రన్ మల్లెపూవులా ఉంటుంది. నాకిది చాలారోజులు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, నీటిరంగుల్లో తెలుపు అంటే రంగు కాదు, రంగు వేయకుండా వదిలేసిన కాగితం. ఏప్రన్ ఉతికింది కాదు, అక్కడ అసలేమీ వేయలేదు, అంతే. ఈ బొమ్మల్ని చూసేటప్పుడు ఏం వేశారన్నదెంత ముఖ్యమో, ఏం వదిలేశారన్నదీ అంతే ముఖ్యం. పిల్లలు కనిపించరు. చెమట కనిపించదు. మేస్త్రీ ఎప్పుడూ కనిపించడు. మగవాళ్ళు మాత్రం బాగా కనిపిస్తారు, ఎక్కువగా పడుకుని.

రెజైనా నుంచి ఒక కుర్ర ఇంటర్న్ వచ్చింది, గోధుమ పొలాల మధ్య పెరిగిన పిల్ల. కోతల బొమ్మ చూసి, “ఇంతమంది ఎందుకు?” అంది. వాళ్ళ నాన్న ఒక్కడే కోసేస్తాడట, మిషన్‌లో ఏసీ పెట్టుకుని, పాడ్‌కాస్ట్ వింటూ. ఆ బొమ్మల మీద నేను విన్న వ్యాఖ్యల్లో అంత నిజాయితీ ఉన్నది ఇంకోటి లేదు.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. జూన్ రాగానే తెలుగు కుటుంబాలన్నీ స్ట్రాబెర్రీలు కోయడానికి తోటలకి వెళతాం. డబ్బు కట్టి మరీ వంగుతాం. ఆడవాళ్ళు గంప నడుముకి ఆనించి ఫోటోలు దిగుతారు, అచ్చం ఈ బొమ్మల్లోలాగే. పక్క సాలులో మెక్సికో నుంచి సీజన్‌కి వచ్చిన మనిషి నిజంగా కోస్తూ ఉంటాడు. ఫోటోలోకి వస్తున్నాడని మా ఆయన కిరణ్ కొంచెం పక్కకి జరగమని అడిగాడు ఒకసారి. మడతకుర్చీ ఒక్కటే తక్కువ అనుకున్నాను.

మార్గరెట్

మా బాస్ పేరు మార్గరెట్. బాస్‌ని పేరు పెట్టి పిలవడానికి నాకు చాలా నెలలు పట్టింది, అప్పటిదాకా గొంతు సవరించుకుని పిలిచేదాన్ని. ఆవిడ పద్ధతి ఒకటుంది. కొత్త బొమ్మ వస్తే దాని పేరు చదవనిచ్చేది కాదు. వెనకవైపు రాసిన కాగితాన్ని చేత్తో మూసేసి, “ముందు చేతులు చూడు,” అనేది. వాళ్ళ చేతుల్లో ఏముంది, ఆ చేతులు ఏం చేస్తున్నాయి. ముఖాలు అబద్ధమాడతాయి, చిత్రకారుడు వాటిని అందంగా దిద్దుతాడు, చేతులకొచ్చేసరికి అలిసిపోయి చూసింది చూసినట్టు వేస్తాడు అని ఆవిడ సిద్ధాంతం.

ఆవిడ మంచి బాస్ కాదు. లంచ్ మర్చిపోయేది, నన్నూ మర్చిపోయేలా చేసేది. నేను కడుపుతో ఉన్నప్పుడు శుభాకాంక్షలు చెప్పి, అదే ఊపిరిలో గదిలో తేమ ఎంతుందో అడిగింది. అయినా చేతులు చూడమన్న ఆ ఒక్క మాట కోసం ఆవిడకి నేను రుణపడి ఉంటాను.

డాక్టర్ గారి పొలాలు

డాక్టర్ సుదర్శన్ గారు రిటైరైన గుండె డాక్టరు. హామిల్టన్‌లో తెలుగువాళ్ళందరికీ ఆయన అంకుల్, భార్య సుశీల గారు ఆంటీ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవులకి ఇంగ్లండ్ వెళ్ళి పాత నీటిరంగుల బొమ్మలు కొనేవారు. అన్నీ పొలం పనులవే. చూస్తే ఊరు గుర్తొస్తుంది అనేవారు. ఏ ఫంక్షన్‌లో కలిసినా తెనాలి పక్కన మా పొలాలు, మా కోతలు, మా కుప్పనూర్పిళ్ళు అని చెప్పేవారు. మనవాళ్ళు ఇంత వినగానే ఏం చేస్తారో మీకు తెలుసు. ఊరి పేరు, డాక్టరు, చేతికి ఆ వాచీ, అన్నీ కలిపి మనసులోనే ఎకరాలు కట్టేస్తారు. నేనూ కట్టాను, మాగాణి కట్టాను.

ఆయన బొమ్మలతో మా గ్యాలరీలో ప్రదర్శన పెట్టాలని నిర్ణయం అయింది. మా డైరెక్టర్‌కి ‘కమ్యూనిటీ’ అన్న మాటంటే మహా ప్రేమ, అందుకని ఇంగ్లీషు, ఫ్రెంచి పక్కన తెలుగులో కూడా పరిచయ పలకలు పెడదామన్నాడు. తెలుగు నేనే రాయాలి. నేను ప్రసూతి సెలవు నుంచి వచ్చి కొద్దిరోజులే అయింది. నా కాంట్రాక్టు ఆ వేసవితో అయిపోతుంది. ప్రదర్శన బాగా జరిగితే పొడిగిస్తానని డైరెక్టర్ చెప్పాడు. ప్రదర్శన జరగాలంటే బొమ్మలు కావాలి. బొమ్మలు అంకుల్‌వి. పాపకి ఎంతో కాలం క్యూలో నిలబడ్డాక డేకేర్‌లో చోటు దొరికింది, ఉద్యోగం పోతే ఆ చోటు ఉంచుకోవడం మాకు కష్టం. లెక్క ఇంతే.

ఒక్క మాట

ప్రదర్శనలో పెద్ద బొమ్మ ఇది. కోసేసిన గోధుమ చేను. పనలన్నీ బండెక్కి వెళ్ళిపోయాయి. ముగ్గురు ఆడవాళ్ళు వంగి నేల మీద రాలిన వెన్నులు ఏరుతున్నారు. దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది, పరిగె. కోతయ్యాక చేలో మిగిలింది పరిగె, దాన్ని ఏరుకోవడం పరిగె ఏరుకోవడం. ఆ మాట గుర్తొచ్చినందుకు నేను రోజంతా గర్వపడ్డాను. ఇబ్బంది దాని ముందు మాటతో వచ్చింది. ఇంగ్లీషు పేరులో ‘పెజెంట్’ ఆడవాళ్ళు అని ఉంది. ఆ ఇంగ్లీషు మాటలో భూమి ఉన్నవాడు, లేనివాడు ఇద్దరూ దూరిపోతారు. తెలుగులో దూరరు. ఉంటే రైతు, లేకపోతే కూలి. నేను “పరిగె ఏరుకుంటున్న కూలి స్త్రీలు” అని రాసి అంకుల్‌కి పంపాను.

ఆయన వెంటనే ఫోన్ చేశారు.

“అమ్మా, చాలా బాగా రాశావ్. ఒక్కటి మార్చు. కూలి తీసేసి రైతు మహిళలు అని పెట్టు.”

“రైతులైతే పరిగె ఎందుకు ఏరుకుంటారంకుల్? రైతు ఆ బండి వెనకాల వెళ్ళిపోయి ఉంటాడు.”

“అదంతా ఎవరు చూస్తారమ్మా. కూలి అంటే చులకనగా ఉండదూ?”

“చులకన మాటలో లేదంకుల్, వాళ్ళకి ఇచ్చే కూలిలో ఉంది.”

ఈ జవాబు నాకు చాలా నచ్చింది. ఆయనకి నచ్చలేదు. చాలా మర్యాదగా, గోడ మీద కూలి అనీ దాని కింద తన పేరూ ఉండేటట్లయితే బొమ్మలు ఇంట్లోనే ఉంటాయన్నారు.

తర్వాత వారమంతా ఆ ఒక్క మాట కోసం నేను పడ్డ తిప్పలు ఇంకే ఉద్యోగంలోనూ ఉండవు. ‘శ్రామికులు’ అని రాస్తే జెండా పట్టుకుని వస్తున్నట్టుంది. ‘శ్రమజీవులు’ అంటే సభలో శాలువా కప్పేలా ఉంది. ‘కృషీవలులు’ అంటే వాళ్ళు సంస్కృతం మాట్లాడేవాళ్ళలా ఉన్నారు. అంకుల్ తనవైపు నుంచి ‘పల్లెపడుచులు’ పంపారు. అది చదివితే వెనకాల డోలక్ వినిపించింది. డైరెక్టర్ ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి, “ఇది ఎలా ఉంది?” అని చూపించాడు. ‘రైతాంగ స్త్రీలు’ అని ఉంది, స్టాలిన్‌గ్రాడ్ నుంచి టెలిగ్రామ్ వచ్చినట్టు.

కిరణ్ మాత్రం చాలా తేలిగ్గా తేల్చేశాడు. “ఒక్క వర్డ్ కదా. పెట్టెయ్. తెలుగు చదివేవాళ్ళు ఎంతమందొస్తారు?” నిజమే. వచ్చేవాళ్ళందరూ చదవలేరు, చదవగలిగినవాళ్ళు రారు. కానీ ఆ కొద్దిమందిలో ఒక్కరికైనా, ఎప్పుడో ఎవరో వంగి ఏరిన చెయ్యి గుర్తుంటే, వాళ్ళ ముందు నిలబడి, ఈ బొమ్మలో ఉన్నది రైతులు అని నేను చెప్పాలి. అబద్ధాలు పెద్దవి చెప్పొచ్చు గానీ ఇంత చిన్నవి చెప్పడం నావల్ల కాదు.

పొలం గట్లు

అప్పుడు సుశీల ఆంటీ ఫోన్ చేశారు. మొదట పాప గురించి అడిగారు, దగ్గు తగ్గిందా అన్నారు. పాపకి దగ్గు లేదు, లేకపోయినా అరగంట కంగారుపడ్డాను. అసలు మాట ఆఖర్న వచ్చింది.

“ఆయనతో వాదించి గెలవకమ్మా. వాళ్ళమ్మ పరిగె ఏరింది.”

నాకు అర్థం కాలేదు. “వాళ్ళ పొలంలోనా ఆంటీ?”

“ఏ పొలం? వాళ్ళకి పొలమెక్కడిదే? ఎవరి చేలో కోతయితే ఆ చేలోకెళ్ళి ఏరి తెచ్చి, దంచి పెట్టి చదివించిందావిడ. ఇక్కడికొచ్చాక మొదటిసారి ఎవరో మీకు పొలాలెన్ని అని అడిగారు. ఈయన సిగ్గుపడి ఏదో అన్నారు. అంతే, అప్పట్నుంచి ప్రతి పార్టీలో పెరుగుతూ వచ్చాయి. విని విని నాకే గట్లు ఎక్కడున్నాయో తెలిసిపోయాయి. మొన్న మొన్న అందులో మామిడితోట కూడా వేశారు.”

ఆవిడ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఒక భూస్వామితో కూలివాళ్ళ తరఫున పోరాడుతున్నాననుకున్నాను. ఎకరాలు కట్టింది నేను. పరిగె ఏరినావిడ కొడుక్కి, కూలి అంటే ఏమిటో ఫోన్‌లో పాఠం చెప్పింది నేను. ఆ అమ్మాయికి, బ్రాంప్టన్ అమ్మాయికి, చెప్పేదేమంటే, ఈ ఉద్యోగంలో చేసే అసలు తప్పులు రంగుల గురించి కావు. మన మనిషి కదా, మనకి తెలియకేం అనుకున్న చోటే జరుగుతాయి.

ఆంటీ చెప్పారని అప్పట్లో ఆయనకి తెలియకూడదు. రైతు అని రాస్తే అబద్ధం. కూలి అని రాస్తే, నిజమే అయినా, ఆ మనిషి దాచుకున్నది ఆయన పేరు పక్కనే గోడకి కొట్టినట్టు. మార్గరెట్‌కి సంగతంతా చెప్పకుండా మాట దొరకడం లేదని మాత్రమే చెప్పాను. ఆవిడకి తెలుగు రాదు. నా కాగితాన్ని చేత్తో మూసేసి, బొమ్మ నా ముందుకి జరిపింది.

“చేతులు చూడు,” అంది.

చూశాను. కొడవళ్ళు లేవు. ఒక చేతిలో గుప్పెడు వెన్నులు, రెండో చెయ్యి నేల మీద. వాళ్ళు ఎవరో చేతులు చెప్పడం లేదు, ఏం చేస్తున్నారో చెబుతున్నాయి. తెలుగులో ఒక సుఖం ఉంది, కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. క్రియ చివర ఉన్న ‘రు’ చూసుకుంటుంది అంతా. “కోత అయిపోయింది. పరిగె ఏరుకుంటున్నారు.” అంతే రాశాను. ఆ ఇంగ్లీషు మాట ఉన్నచోట ఏమీ వేయకుండా వదిలేశాను.

ఈసారి పంపకుండా నేనే పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను, పాపని చంకనేసుకుని. అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు.

“ఎవరు అన్నది లేదేంటమ్మా?”

“చూస్తే తెలుస్తుంది కదంకుల్.”

పాప ఆయన వాచీ లాగుతోంది, లాగనిచ్చారు. తర్వాత బల్ల మీది కాగితం వైపే చూస్తూ అన్నారు, “అసలు కూలి అన్నది కూడా తప్పే, తెలుసా? కూలి అంటే ఒకడు ఇవ్వాలి. కొలిచి, విసుక్కుని, రేపు రమ్మని చెప్పి ఇస్తాడు. పరిగె ఎవరిస్తారమ్మా? ఏరడం కాదు, ఏరుకోవడం. ఏరుకున్నది ఏరుకున్నవాళ్ళదే.”

నేను అన్ని డిగ్రీలు చదివి, ‘ఏరుకోవడం’లో ఆ ‘కోవడం’ ఎందుకుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన ముందే పెన్సిల్ తీసి ఒక వాక్యం చేర్చాను. ఆయన తల ఊపారు. ఆంటీ వంటింట్లోంచి బయటికి రాలేదు. కానీ నాకు పెట్టిన పులిహోరలో జీడిపప్పు మామూలు కంటే చాలా ఎక్కువ ఉంది.

రిటైర్మెంట్

బొమ్మలు వచ్చాయి. ప్రదర్శన బాగా జరిగింది. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు. గ్యాలరీ కప్పు కారింది, ఉన్న డబ్బంతా కప్పుకి పోయింది. డైరెక్టర్ చాలా బాధపడి నాకు ఒక మొక్క ఇచ్చాడు. ఒక్క మాట కోసం వారం రోజులు నిద్ర లేకుండా కాపాడుకున్న ఉద్యోగాన్ని వానచుక్క తీసుకుపోయింది. కాబట్టి అమ్మాయీ, ఉద్యోగం పోతుందని భయపడి మాట మార్చకు. అది వేరే కారణంతో ఎలాగూ పోతుంది. డేకేర్‌లో చోటు పోయింది, పాప ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. నేను “చేతులు చూపించు” అంటే, “నో, అమ్మా” అని వెనక్కి దాచేస్తుంది. సాధారణంగా వాటిలో గోడ మీంచి పీకింది ఏదో ఉంటుంది.

ప్రదర్శన మొదటిరోజు సంగతి చెప్పి లేస్తాను. తెలుగువాళ్ళు బాగానే వచ్చారు, పట్టుచీరల మీద కోట్లు వేసుకుని. మాలో ఒకాయన అంకుల్‌ని మెచ్చుకుంటూ, మీ పొలాలు గుర్తొస్తున్నాయా డాక్టర్ గారూ అని అడిగాడు. మామిడితోట వస్తుందేమోనని చూశాను. అంకుల్ ఆయన్ని దాటుకుని నడిచారు. ఆ పెద్ద బొమ్మ దగ్గరికి వెళ్ళి, తెలుగు పలక ముందు నిలబడి, చదవడం రాని పిల్లల కోసమన్నట్టు పైకి చదవడం మొదలుపెట్టారు. పలక మీద నేను రాసిన మూడు వాక్యాలు ఇవి: కోత అయిపోయింది. పరిగె ఏరుకుంటున్నారు. ఏరుకున్నది వాళ్ళదే.

“కోత అయిపోయింది,” అని చదివారు. “పరిగె ఏరుకుంటున్నారు.” అక్కడ కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఏరుకున్నది మనదే.”

ఆయన చదివింది తప్పని ఎవరూ గమనించలేదు. ఆంటీ ఒక్కరే నా వైపు చూశారు. నేను పలక వైపు చూశాను, దాన్ని మార్చి రాద్దామా అని. పెన్సిల్ నా దగ్గరే ఉంది. తీయలేదు. ఆ మాట రాయాల్సినచోట ఆయన గొంతు ఉంది, అది చాలు.